ఎర్ర రైలు దగ్గర అద్దాల రూలు

మేడ మీది గది నుంచి

తమ్ముడికి,

ఇక్కడ అంతా క్షేమం అని రాయిస్తే అబద్ధమవుతుంది కాబట్టి అది వదిలేసి విషయానికి వస్తున్నాను. నేను చెబుతుంటే ఈ ఉత్తరం నీ మనవరాలే రాస్తోంది. నా కూతురి కూతురు నీకూ మనవరాలే అని గుర్తు చేయాల్సి వస్తోంది. మీ వినోదాల పార్కు వాళ్లు దాన్ని ఉద్యోగంలోంచి పక్కన కూర్చోబెట్టాక నువ్వు ఒక్కసారైనా ఈ మెట్లెక్కలేదు. ఉద్యోగం ఇప్పించింది నువ్వు. ఎర్ర రైలు దగ్గర నీ షిఫ్టులోనే వేయించుకున్నదీ నువ్వు.

జరిగింది నాకు తెలిసినంత చెబుతాను. తప్పుంటే దిద్దు. సెలవు రోజు, జనం విరగబడి ఉన్నారు. లావు కళ్లద్దాలాయన ఒకడు ఎర్ర రైలు ఎక్కాడు. అద్దాలకి వెనకనుంచి తాడు ఉంది. పిల్ల చూసింది, ఎక్కనిచ్చింది. రైలు పైనుంచి కిందికి దూకేటప్పుడు తాడు ఊడి, అద్దాలు ఎగిరి, వెనక సీట్లో ఆవిడ కనుబొమ్మ చీరేశాయి. కుట్లు పడ్డాయి, కన్ను దక్కింది. ఆవిడ బాధ తక్కువని నేననను. ఆసుపత్రిలో ఆయాగా ముసలిదాన్నయ్యాను, కంటి పక్క దెబ్బంటే ఏమిటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మీ మేనేజరు ఏమంటున్నాడంటే, బోర్డు మీద అద్దాలు తీయాలని రాసి ఉంది, ఈ అమ్మాయి తీయించలేదు, కాబట్టి తప్పు ఈ అమ్మాయిది. వచ్చే నెల మొదటి సోమవారం విచారణట. అందులో తప్పు తేలితే ఉద్యోగం పోతుంది. ఇది పోతే, ప్రమాదం చేసిన పిల్ల అని ఇంకెక్కడా ఏ రైడ్ దగ్గరికీ రానివ్వరు. ఈ ఇంటికి జీతం తెచ్చేది అదొక్కతేనని నీకు తెలుసు.

మరి పక్కనున్న పసుపు రైలు మీద తాడు కట్టుకుంటే చాలట కదా. అదే పార్కు, అదే టికెట్, పది అడుగులు నడిస్తే రూలు మారుతుందా? నాకు అక్షరం ముక్క రాదు, ఏ బోర్డు మీద ఏముందో నాకు తెలియదు. చదువుకున్నవాడివి, అక్కడ ఇన్‌చార్జివి, నువ్వు చెప్పు.

నీ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది. జవాబు వెంటనే రాయి.

నీ అక్క


పార్కు స్టాఫ్ క్వార్టర్స్

అక్కకి,

నమస్కారం. నీ ఉత్తరం అందింది. రాకపోవడానికి కారణం డ్యూటీలే, వేరే ఏమీ లేదు.

నువ్వడిగినవి ఒక్కొక్కటే చెబుతాను. ఎర్ర రైలు బోర్డు మీద అద్దాలు తీయాలని ఉంది. పసుపు రైలు మీద తాడు ఉంటే పెట్టుకోవచ్చని ఉంది. తలకిందుల రైలుకి పెట్టెలో పెట్టి వెళ్లాలి. టికెట్ వెనక మాత్రం అద్దాల బాధ్యత సందర్శకులదే అని అచ్చు వేశారు. ఇలా ఎందుకుందంటే, ఒక్కో రైడ్ ఒక్కో కంపెనీ దగ్గర కొన్నది. ఏ కంపెనీ బోర్డు వాళ్లే పంపారు. వచ్చిన బోర్డు వచ్చినట్టు మేకు కొట్టారు. ఇది నా చేతిలో పని కాదు.

అమ్మాయి మంచిది, పనిమంతురాలు. అందుకే నా సలహా విను. పొరపాటైంది, ఇంకెప్పుడూ జరగదు అని క్షమాపణ రాసి ఇమ్మను. మేనేజరు మెత్తని మనిషి. ఉద్యోగం తీసేయకుండా పార్కింగు వైపో తోట వైపో వేస్తారు. ఏడాది తిరిగేసరికి అందరూ మరిచిపోతారు.

నేను కూడా వానలు తగ్గేసరికి రిటైరవుతాను. ఇన్నేళ్లుగా ఒక్క మాట పడకుండా చేశాను. చివరి రోజుల్లో ఇలా అయింది. మోకాళ్లు అలాగే ఉన్నాయి.

తమ్ముడు


ఇస్త్రీ కొట్టు నుంచి

తమ్ముడికి,

చేతిరాత మారిందేమిటని చూడకు. ఇది మా మెట్ల కింద ఇస్త్రీ కొట్టు ఆవిడ రాస్తోంది. ఎందుకు మారిందో చెబుతాను.

పోయిన ఉత్తరంలో నేను నిన్నొక మాట అడిగాను. బోర్డు మీద తీయాలని ఉంటే, తాడుంటే పోనివ్వమని పిల్లకి నోటిమాటగా చెప్పిందెవరు అని. ఒకసారి కాదు, తిప్పి తిప్పి అడిగాను. నీ జవాబు పిల్ల చదివి వినిపించింది. అందులో బోర్డులున్నాయి, కంపెనీలున్నాయి, నీ మోకాళ్లున్నాయి, నా ప్రశ్నకి జవాబు లేదు. చిన్నప్పటినుంచి నిన్నెరుగుదును. ఇష్టం లేని ప్రశ్న వేస్తే కసురుతావు తప్ప వినబడనట్టు ఊరుకోవు. అంటే నీకు ప్రశ్నే అందలేదు.

పిల్లని అడిగాను, "నేను చెప్పిందంతా రాశావా?" అని. కడిగిన గ్లాసే మళ్లీ కడుగుతూ నిలబడింది.

"రాయలేదు అమ్మమ్మా" అంది.

"ఎందుకు రాయలేదు?"

"తాతయ్య ఇంకొన్నాళ్లలో రిటైరవుతాడు."

అంతే. చదువురాని దాన్ని కదా, నేను చెప్పింది కాగితం మీద పడిందో లేదో నాకెలా తెలుస్తుంది. ఇంట్లో నమ్మిన చెయ్యే ఇలా చేస్తే బయటి చెయ్యి పట్టుకున్నాను.

ఇప్పుడు మళ్లీ అడుగుతున్నాను. చెప్పిందెవరు? ఆసుపత్రిలో నేను చూశాను. పెద్ద నర్సు నోటితో చెబుతుంది, ఆయా చేతితో చేస్తుంది, కాగితంలో మాత్రం ఆయా పేరు పడుతుంది. నోటిమాటకి సంతకం ఉండదు కాబట్టి చెప్పినవాళ్లు చేతులు దులుపుకుంటారు. ఆ పిల్ల బోర్డు చదవలేనిది కాదు. చదివి కూడా వదిలిందంటే, బోర్డు కన్నా పెద్ద మాట ఏదో దాని చెవిలో పడింది.

క్షమాపణ రాయించను. అది రాస్తే తప్పు ఒప్పుకున్నట్టే, తోటలో మొక్కలకి నీళ్లు పోస్తూ బతుకంతా తల దించుకుని తిరగాలి.

అక్క

(అయ్యా, ఆవిడ చెప్పింది చెప్పినట్టే రాశాను. తిట్లు కూడా రాయమన్నారు, కాగితం చాలలేదు. — ఇస్త్రీ కొట్టు)


పార్కు స్టాఫ్ క్వార్టర్స్

అక్కా,

ఇంటి సంగతులు కొట్టు వాళ్ల చేత రాయించి బజారున పెడుతున్నావు. పరువు నీకు లేకపోయినా నాకుంది.

రూలు తప్పమని నేనెవరికీ చెప్పలేదు. లైను ఆపొద్దని మాత్రమే చెప్పాను. అది ప్రతి ఇన్‌చార్జీ చెప్పేదే. ఒక్కొక్కరి దగ్గర ఆగి అద్దాలు తీయించి, పెట్టెలో పెట్టించి, దిగాక ఎవరివి వారికిచ్చేసరికి రైలు ఎంతసేపు ఖాళీగా నిలబడుతుందో నీకు తెలుసా? ఎండలో లైనులో నిలబడ్డ జనం ఏమంటారో తెలుసా? చూసీ చూడనట్టు పోవాల్సిన చోట పోవాలి, పట్టుకోవాల్సిన చోట పట్టుకోవాలి. ఆ తేడా ఆ అమ్మాయికి తెలిసి ఉండాల్సింది.

గదిలో కూర్చుని పార్కు గురించి నాకు పాఠాలు చెప్పకు. నీ జన్మలో ఒక్క రైడ్ ఎక్కావా?

తమ్ముడు


ఇస్త్రీ కొట్టు నుంచి

తమ్ముడికి,

ఎక్కాను.

నువ్వడిగావు కదా, అందుకని ఇస్త్రీ ఆవిడని వెంటబెట్టుకుని, పిల్లకి కూరగాయలకి వెళ్తున్నామని చెప్పి మీ పార్కుకి వచ్చాను. సెలవు రోజే ఎంచుకున్నాను. కంటి ఆపరేషన్ అయ్యాక ఇచ్చిన ఈ లావు అద్దాలే పెట్టుకున్నాను. వరసగా చెబుతాను, విను.

మొదట పసుపు రైలు. గేటు దగ్గర కుర్రాడు, "మామ్మా, నీ వయసెంత?" అన్నాడు.

"నీ ఉద్యోగం కన్నా ఎక్కువే. ఎక్కనిస్తావా లేదా?"

"గుండె జబ్బు లేదుగా? అద్దాలకి తాడేది? తాడు లేకపోతే కుదరదు."

ఇస్త్రీ ఆవిడ బట్టల మూటకి కట్టే నాడా ఒకటి సంచిలోంచి తీసి, అద్దాల కాళ్లకి రెండు వైపులా ముడేసి తల వెనక కట్టింది. కుర్రాడు వేలితో లాగి చూశాడు, సరేనన్నాడు. పైకి వెళ్లాక ఊరంతా కనబడింది. మన ఇంటి నీళ్ల ట్యాంకు కూడా చూశాను. కిందికి దూకేటప్పుడు కడుపులో పేగులు గొంతులోకి వచ్చిన మాట నిజమే కానీ అద్దాలు కదల్లేదు.

తర్వాత తలకిందుల రైలు. అక్కడి అమ్మాయి, "తీసి పెట్టెలో పెట్టండి" అంది. నాడా చూపించాను. "పక్క రైలు దగ్గర ఇది చాలన్నారు" అన్నాను.

"అది అక్కడ. ఇది ఇక్కడ."

"ఎవరు చెప్పారమ్మా ఇలా?"

"మాకు అలాగే చెప్పారు."

తీసి ఇచ్చాను. ఆకాశం ఎటో నేల ఎటో తెలియలేదు. అరుపులు మాత్రం వినబడ్డాయి, వాటిలో ఒకటి నాదే. దిగేది ఒక వైపు, పెట్టె ఇంకో వైపు. గోడ పట్టుకుని తడుముకుంటూ వెళ్తే ఎవరో కుర్రవాడి నల్ల అద్దాలు నా ముక్కు మీద పెట్టి పంపారు. ఇస్త్రీ ఆవిడ నన్ను చూసి నవ్వలేక చచ్చింది. మళ్లీ వెనక్కి వెళ్లి, పోట్లాడి, నావి తెచ్చుకున్నాం. పిల్లల చిన్న రైలు దగ్గర జేబులో పెట్టుకోమన్నారు. నా బట్టలకి జేబెక్కడిది? అది ఎక్కలేదు.

ఆఖరుకి ఎర్ర రైలు. ఇస్త్రీ ఆవిడ బోర్డు చదివి చెప్పింది, అద్దాలు తీయవలెను అని, పెద్ద అక్షరాలతో. ఒక మనిషి మొహం చీరుకుపోయాక కూడా ఇక్కడ ఏం చేస్తారో చూద్దామని నాడా విప్పేశాను. ఉత్త అద్దాలతో వెళ్లి మూడో వరసలో కూర్చున్నాను. పిల్ల చోట్లో ఎవరో కొత్త మనిషి ఉన్నాడు. నా అద్దాలు చూశాడు. చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. తెరిచి, వెనక లైను వైపు చూశాడు. తర్వాత ప్లాట్‌ఫారం చివరికి చూశాడు.

అక్కడ నువ్వున్నావు.

నువ్వు చెయ్యి ఊపావు, పోనీ అన్నట్టు. అతను నోరు మూసుకుని, నా ఒడి మీదికి ఇనుప బార్ దించి, "గట్టిగా పట్టుకో మామ్మా" అని వెళ్లిపోయాడు. దేన్ని పట్టుకోమన్నాడో చెప్పలేదు. ఒక చేత్తో బార్, ఒక చేత్తో అద్దాలు పట్టుకుని తిరిగి వచ్చాను. వెనక సీట్లో పెళ్లికి ఎదిగిన పిల్ల కూర్చుంది. నా చెయ్యి జారితే అవి దాని మొహం మీదికే వెళ్లేవి. పైనుంచి కిందికి వచ్చేదాకా నా భయం నా గురించి కాదు.

నువ్వు నా వైపే చూశావు తమ్ముడూ. చూసి కూడా గుర్తుపట్టలేదు. లైను పొడుగు చూసేవాడికి సీట్లో ఎవరున్నారో కనబడదు. నాకు మాత్రం నువ్వు కనబడ్డావు. అద్దాలు పెట్టుకునే ఉన్నాను కదా.

ఈ సంగతి పిల్లకి చెప్పలేదు. మేనేజరుకీ చెప్పించను. నేను చెప్పిస్తే నీ మీద చాడీ అవుతుంది, నువ్వు చెబితే సాక్ష్యం అవుతుంది. సోమవారం దగ్గరపడింది. ఆ రోజు నువ్వు చేసేదాన్ని బట్టి నాకు తమ్ముడున్నాడో లేడో తెలుస్తుంది.

అక్క


పార్కు స్టాఫ్ క్వార్టర్స్

అక్కకి,

నమస్కారం. విచారణ అయింది. అమ్మాయి నీకు చెప్పే ఉంటుంది కానీ అది సగమే చెబుతుందని నాకు తెలుసు. మిగతాది నేను రాస్తున్నాను.

నన్ను పార్కు తరఫున సాక్షిగా పిలిచారు. రూల్స్ అన్నీ సిబ్బందికి వివరించాను అని ముందే సంతకం పెట్టి ఇచ్చాను. అది నీకు రాయలేదు. చివరి కుర్చీలో కూర్చున్నాను. అమ్మాయిని నిలబెట్టి అడిగారు.

"బోర్డు చదివావా?"

"చదివాను సార్."

"మరి ఎందుకు ఎక్కనిచ్చావు?"

"పొరపాటైంది సార్."

"అలా చేయమని ఎవరైనా చెప్పారా?"

"లేదు సార్."

నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. తన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ నేల చూస్తూ నిలబడింది. మేనేజరు కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టాడు. అప్పుడు లేచాను. "చెప్పింది నేనే సార్" అన్నాను.

"మీరు సంతకం పెట్టి ఇచ్చిందేమిటి, ఇప్పుడు చెబుతున్నదేమిటి?"

"సంతకం పెట్టింది అబద్ధం సార్. తాడున్నా, చేత్తో పట్టుకున్నా పోనివ్వు, లైను ఆపొద్దు అని నేనే చెప్పాను. ఈ అమ్మాయికే కాదు, అందరికీ."

"ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నారు?"

దానికి బదులు ఇంకో మాట అన్నానక్కా. "ఇవాళ రైలు ఎన్ని ట్రిప్పులు తిరిగిందని ప్రతి సాయంత్రం అడిగింది మీరు సార్. అద్దాల సంగతి ఏ సాయంత్రమూ అడగలేదు." ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. "ప్రమాదం జరిగాక కూడా ఒక ముసలావిడని అద్దాలతోనే పంపించాను. ఆవిడ మా అక్క" అని కూడా చెప్పాను. గదిలో ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు.

అమ్మాయిని మళ్లీ ఎర్ర రైలు దగ్గరికే తీసుకుంటున్నారు. నన్ను ప్లాట్‌ఫారం మీంచి తీసేసి పోయిన వస్తువుల కౌంటర్‌లో కూర్చోబెట్టారు. రిటైరయ్యేదాకా అక్కడే. వీడ్కోలు సభ ఉండదట. బోర్డులన్నీ పీకి ఒకటే రూలు పెడతామన్నారు.

బయటికొచ్చాక అమ్మాయి, "ఎందుకు చెప్పావు తాతయ్యా" అంది. వెళ్లి బస్సెక్కింది. కోపమో ఏమో నాకు తెలియలేదు.

తమ్ముడు


మేడ మీది గది నుంచి

తమ్ముడికి,

ఇది మళ్లీ పిల్లే రాస్తోంది. పోస్టు చేసేముందు ఇస్త్రీ ఆవిడ చేత చదివించుకుంటానని ముందే చెప్పాను.

నువ్వు గొప్ప పని చేశావని రాయించను. చేయాల్సింది చేశావు, కొంచెం ఆలస్యంగా. సభ లేకపోతే పోయింది. దండలు ఇంటికొచ్చేసరికి ఎలాగూ వాడిపోతాయి.

పిల్ల కోపం సంగతి అడిగావు. నీ మీద కోపం ఉంది. నీ వల్ల పక్కన కూర్చోవలసి వచ్చిందని కాదు. అది నిన్ను కాపాడుతుంటే నువ్వు కుర్చీలో కూర్చుని కాపాడించుకున్నావని. ఈ ముక్క రాయడానికి మొరాయించింది. కలం పక్కన పెట్టేసి నీళ్లు తాగొచ్చింది. అయినా రాయించాను. ఇది నీకు ఎవరో ఒకరు చెప్పాలి.

డ్యూటీకి వెళ్తోంది, వస్తోంది. అడిగినదానికి బాగానే ఉందంటుంది. అక్కడ ఎలా ఉందో నువ్వు రాయి.

అక్క


పోయిన వస్తువుల కౌంటర్

అక్కకి,

నమస్కారం. కూర్చునే పని కాబట్టి ఇక్కడినుంచే రాస్తున్నాను. ఈ కౌంటర్‌లో సగం కళ్లద్దాలే. రెక్క విరిగినవి, గీతలు పడ్డవి, పట్టాల కింద దొరికినవి. వాటి మనుషులు కళ్లు చికిలించుకుంటూ వచ్చి, ట్రేలో తడుముకుంటూ ఒక్కొక్కటే పెట్టి చూసుకుంటారు. ఇన్నేళ్లూ ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను, దిగాక వాళ్లు ఎక్కడికి వెళ్తారో నాకు తెలియలేదు.

అమ్మాయి గురించి అడిగావు. కొత్త రూలు వచ్చింది. దాన్ని అన్ని రైడ్ల సిబ్బందికీ చెప్పే పని మేనేజరు అమ్మాయికే ఇచ్చాడు. నిన్న పొద్దున పార్కు తెరవకముందు కౌంటర్ దగ్గరికి వచ్చింది. విచారణ తర్వాత నాతో మాట్లాడడం అదే మొదలు.

"తాతయ్యా, అందరూ రావాలి" అంది.

"నేను ప్లాట్‌ఫారం మీద లేనుగా అమ్మా."

"నువ్వూ స్టాఫే."

వెళ్లి వెనక వరసలో నిలబడ్డాను. ముందు వరసల్లో నేను పనిలో పెట్టిన వాళ్లు, నా కింద చేసిన వాళ్లు. అమ్మాయి ఎర్ర రైలు మెట్ల మీద నిలబడి చెప్పింది. "లైను ఎంత పొడుగున్నా ఇదే. వచ్చినవాళ్లు ఎంత పెద్దవాళ్లయినా ఇదే. పక్కనుంచి ఎవరేం చెప్పినా ఇదే" అంది. నా వైపు చూడలేదు, చూడాల్సిన అవసరమూ లేదు. అందరికీ తెలుసు.

"అర్థమైందా?" అంటే అందరూ ఒకేసారి అయిందన్నారు. అమ్మాయి ఒప్పుకోలేదు. ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి అడిగింది. నా దగ్గరికి వచ్చేసరికి నోరు ఎండిపోయింది.

"అర్థమైంది" అన్నాను.

"వినబడలేదు."

గట్టిగా చెప్పాను. నా కింద చేసిన వాళ్లందరి ముందూ. తల ఊపి పక్కవాడి దగ్గరికి వెళ్లింది. టీ విరామంలో క్యాంటీన్‌కి వెళ్తే, తన బల్ల దగ్గర ఇంకో కుర్చీ లాగి పెట్టింది. కూర్చున్నాను. ఇద్దరం టీ తాగాం.

తమ్ముడు


మేడ మీది గది నుంచి

తమ్ముడికి,

నీ ఉత్తరం పిల్ల ఒకసారి, ఇస్త్రీ ఆవిడ ఒకసారి చదివి వినిపించారు. ఇద్దరూ ఒకేలా చదివారు కాబట్టి ఇందులో ఏదీ మింగేయలేదని తెలిసింది.

ఏ వరసలో నిలబడ్డావో రాశావు, నోరెలా ఎండిందో రాశావు, కుర్చీ ఎవరు లాగారో రాశావు. బాగుంది. కానీ ఇంత గొడవా దేని గురించో ఆ రూలు మాత్రం రాయలేదు. పిల్లని అడిగితే, "తాతయ్యకి చెప్పాను, తాతయ్యనే అడుగు" అని నవ్వుతోంది.

అందుకని ఆదివారం ఇక్కడికి రా. మోకాళ్ల నొప్పని మెట్ల దగ్గర ఆగకు, పిల్ల కిందికొచ్చి చెయ్యి పట్టుకుంటుంది. వచ్చి నా ఎదురుగా కూర్చుని చెప్పు, అద్దాలు తీయాలా, ఉంచాలా. ఒకటే మాట చెప్పు.

అక్క